పాత క్వారీలో శిలాజాల వేట: పొద్దున్న బయల్దేరినప్పటి నుంచి రాయికి చీటీ కట్టే దాకా

శిలాజాలు వెతకాలనుకునేవారికి పాత క్వారీని మించిన చోటు దొరకడం కష్టం. మామూలుగా భూమి పొరలన్నీ మట్టి కింద, చెట్ల వేళ్ల కింద దాగి ఉంటాయి. క్వారీలో మాత్రం ఎవరో మనకంటే ముందే కొండను నిలువునా కోసి, లోపలి రాళ్లను బయట కుప్పలు పోసి వెళ్లారు. పైగా ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నాని, ఆ రాళ్లు వాటంతట అవే విచ్చుకుంటూ ఉంటాయి.

ఈ విద్య మొదలైందే క్వారీల్లో అంటే అతిశయోక్తి కాదు. 1825లో వైద్యుడు గిడియన్ మాంటెల్ ఇగ్వానోడాన్ అని పేరు పెట్టిన డైనోసార్ పళ్లు ఇంగ్లండులో కక్‌ఫీల్డ్ దగ్గరి క్వారీ రాళ్లవి. 1861లో లోకానికి తెలిసిన, పక్షిలా ఈకలున్న ఆర్కియోప్టెరిక్స్ జర్మనీలోని జోల్న్‌హోఫెన్ ప్రాంతంలో, అచ్చుపనికి రాయి తీసే సున్నపురాయి క్వారీల నుంచి వచ్చింది. మానవ పరిణామ కథను మలుపు తిప్పిన టాంగ్ శిశువు (మనిషికి పూర్వపు జాతి పిల్ల) పుర్రె 1924లో దక్షిణాఫ్రికాలోని ఒక సున్నపురాయి క్వారీలో బయటపడింది.

వెళ్లే ముందే ఒక్క మాట మనసులో పెట్టుకోండి. శిలాజం విలువ దాని అందంలో కాదు, అది ఏ చోట, ఏ పొరలో దొరికిందన్న సమాచారంలో ఉంది. ఆ సమాచారం పోతే ఎంత చక్కటి అమ్మోనైట్ (చుట్టలు తిరిగిన పాతకాలపు సముద్రజీవి గుల్ల) అయినా బల్ల మీద పెట్టుకునే అలంకారమే. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

1. ముందు రాయి రకం తెలుసుకోండి

ప్రతి క్వారీలోనూ శిలాజాలు ఉండవు. గ్రానైట్ కరిగిన శిలాద్రవం నుంచి పుట్టింది, అందులో జీవుల ఆనవాళ్లు వెతకడం దండగ. బసాల్ట్ కూడా దాదాపు అంతే. పాలరాయి ఒకప్పుడు సున్నపురాయే అయినా, భూగర్భపు వేడికీ ఒత్తిడికీ లోపలి గుల్లల రూపురేఖలు చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. మనకు కావలసింది అవక్షేప శిలలు: సున్నపురాయి, షేల్ (పలచటి పొరలుగా ఊడే మట్టిరాయి), బంకరాయి, సుద్ద, ఇసుకరాయి. రేణువు ఎంత సన్నగా ఉంటే జీవి వివరాలు అంత బాగా నిలుస్తాయి. జోల్న్‌హోఫెన్ రాయి అచ్చుపనికి పనికొచ్చేంత నున్నగా ఉండబట్టే అందులో ఈకల గీతలు సైతం నిలిచాయి. ముతక ఇసుకరాయిలో అలాంటివి ఆశించకండి. అక్కడ ఎముక ముక్కలు, కర్రల ముద్రలు, పాదాల గుర్తులు దొరికే వీలుంది.

ఆ ప్రాంతపు భూవిజ్ఞాన పటం చూస్తే రాయి రకం, వయసు రెండూ తెలుస్తాయి. వయసు తెలియడం చాలా ముఖ్యం. ట్రైలోబైట్లు (పైపెంకు ఉన్న పాతకాలపు సముద్రజీవులు) సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి, కాబట్టి అంతకన్నా తర్వాతిదైన జురాసిక్ కాలపు సున్నపురాయిలో వాటి కోసం వెతకాల్సిన పని లేదు. అమ్మోనైట్లు దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతోపాటే పోయాయి, అంతకన్నా కొత్త పొరల్లో అవి కనిపించవు. ఆ పొరల నుంచి ఇదివరకు దొరికినవి దగ్గరి మ్యూజియంలో ఉంటే తప్పకుండా వెళ్లి చూడండి. పుస్తకంలోని శుభ్రమైన బొమ్మకూ, రాతిలో సగం కూరుకుపోయిన అసలు ముక్కకూ చాలా తేడా ఉంటుంది. రెండోదాన్ని ఒకసారి చూసి ఉంటేనే క్వారీలో కన్ను పట్టుకుంటుంది.

2. అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు

పని ఆగిపోయినంత మాత్రాన క్వారీ ఎవరిదీ కాకుండా పోదు. యజమాని ఎవరో కనుక్కుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఎప్పుడు వస్తున్నారు, ఎంతమంది వస్తున్నారు, సుత్తి వాడొచ్చా, దొరికినవి తీసుకెళ్లొచ్చా అన్నవి ముందే తేల్చుకోవాలి. రక్షిత స్థలమైతే గోడ మీద సుత్తి పడకూడదన్న నిబంధన సాధారణంగా ఉంటుంది. కొన్నిచోట్ల కింద పడి ఉన్న రాళ్లు చూడనిస్తారు కానీ తీసుకెళ్లనివ్వరు.

చట్టాలు దేశానికో రకం. బ్రెజిల్‌లో 1942 నాటి చట్టం ప్రకారం శిలాజాలన్నీ ప్రభుత్వ ఆస్తి. అమెరికాలో భూ నిర్వహణ విభాగం కిందున్న ప్రభుత్వ భూముల్లో సొంతానికి రాతిగా మారిన కర్ర రోజుకు 25 పౌండ్ల బరువు, దాంతోపాటు ఒక ముక్క తీసుకోవచ్చు, ఏడాదికి మాత్రం 250 పౌండ్లు దాటకూడదు. వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలకైతే పర్మిట్ ఉండాల్సిందే. మీరు వెళ్లే చోట నియమం ఏమిటో ఇంటి దగ్గరే చూసుకోండి.

3. సంచిలో ఏం ఉండాలి

భూవిజ్ఞాన పనికని తయారుచేసిన సుత్తి ఒకటి కొనుక్కోండి. వడ్రంగి సుత్తి తలను మేకులు కొట్టడానికి చేస్తారు, గట్టి రాయి మీద కొడితే ఉక్కు పెళ్లలు లేచి కంట్లో పడతాయి. అదే కారణంగా ఒక సుత్తిని ఉలిలా పట్టుకుని ఇంకో సుత్తితో ఎప్పుడూ కొట్టకూడదు. పొరలు పొరలుగా ఊడే షేల్‌కు వెనకవైపు ఉలి అంచున్న సుత్తి, గట్టి సున్నపురాయికి మొన ఉన్న సుత్తి అనువుగా ఉంటాయి. వీటికి తోడు రాతిపనికి వాడే ఉలులు రెండు, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది. ఉలిని కొట్టడానికి కాస్త బరువైన పొట్టి సుత్తి.

మిగతావి: పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, మెత్తటి బ్రష్, నోటు పుస్తకం, పెన్సిల్, చెరగని మార్కర్, చిన్న స్కేలు, జిప్ కవర్లు, పాత వార్తాపత్రికలు, టిష్యూ కాగితం, మూతున్న గట్టి డబ్బాలు, నీళ్లు చిమ్మే చిన్న సీసా. పెన్సిల్ ఎందుకంటే పేజీ తడిసినా రాత చెదరదు. తాగే నీళ్లు మీరు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. క్వారీ అడుగున నీడ ఉండదు, గాలి ఆడదు, తెల్లటి సున్నపురాయి ఎండను మొహం మీదికి తిప్పికొడుతుంది.

4. ప్రాణం ముందు, రాయి తర్వాత

ఈ భాగాన్ని దాటేయకండి.

హెల్మెట్, కళ్లద్దాలు, చేతి తొడుగులు, మడమ పైదాకా వచ్చే గట్టి బూట్లు తప్పనిసరి. కళ్లద్దాలంటే పక్కల కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు. మీరు కొడుతున్నప్పుడే కాదు, పక్కవాళ్లు కొడుతున్నప్పుడు కూడా తీయకండి. ఇసుకరాయి, చెకుముకి రాయి కొట్టేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఎన్95 లాంటి మాస్క్ పెట్టుకోండి, గాలి వీచే దిక్కుకు వీపు పెట్టి కొట్టండి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం క్వారీ గోడ. మందుపాతరలతో పేల్చిన గోడలో పైకి కనిపించని బీటలు ఉంటాయి. వాన పడ్డాక, మంచు కరిగాక, బాగా ఎండిన రోజుల తర్వాత కూడా రాళ్లు జారతాయి. గోడ మొదట్లో తాజాగా, పదునైన అంచులతో ముక్కలు పడి ఉంటే ఆ చోటు ఇంకా కదులుతోందని అర్థం. గోడ కింద కూర్చోవద్దు, ముందుకు వాలి ఉన్న బండ కింద నిలబడొద్దు, గోడను కింది నుంచి తవ్వొద్దు, పైకి ఎక్కొద్దు. పైఅంచు దగ్గరికి వెళ్లి కిందికి తొంగిచూడటమూ అంతే ప్రమాదం. గోడలో ఏదో మెరుస్తూ ఊరిస్తే జూమ్ చేసి ఫోటో తీసుకోండి. అదే పొర రాళ్లు కింద కుప్పల్లో తప్పకుండా ఉంటాయి.

రెండో ప్రమాదం నీళ్లు. క్వారీ గుంటలో నీళ్లు పైకి ప్రశాంతంగా ఉన్నా, అంచు దాటగానే లోతు ఒక్కసారిగా పడిపోతుంది, కింద నీళ్లు ఒళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి, ఎక్కి రావడానికి పట్టు దొరకదు. రాతి పొడి కలిసిన బురద నిలిచిన మడుగులు ఇంకా మోసకారివి. పైన ఎండి పెచ్చుకట్టి నేలలా కనిపిస్తాయి, కాలు పెడితే దిగబడతాయి. పాత తీగలు, లోహపు గొట్టాల్లాంటివి కనబడితే ముట్టుకోకండి, పేలని మందు కావచ్చు. యజమానికి చెప్పండి.

ఒంటరిగా వెళ్లవద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి. గుంట అడుగున ఫోన్ సిగ్నల్ చాలాసార్లు అందదు.

5. మొదటి గంట సుత్తి తీయకండి

చాలామంది లోపలికి రాగానే కనబడిన మొదటి రాయి మీద దెబ్బ వేస్తారు. అలా చేయకండి. ముందు దూరంగా నిలబడి గోడను చదవండి. ఏ పొర లేత రంగులో ఉంది, ఏది ముదురు, ఏది దళసరి, ఏది పలచన, ఎక్కడ బంకమట్టి పట్టీ అడ్డంగా సాగింది? పుస్తకంలో ఆ గోడను గీసి, కింది నుంచి పైకి పొరలకు అంకెలు వేయండి. పొరలు తిరగబడి, మడతపడి లేకపోతే కిందిది పాతది, పైది కొత్తది. ఈ సూత్రాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలస్ స్టీనో 1669లోనే చెప్పారు. ఒక్కో పొరకు దానికే ప్రత్యేకమైన శిలాజాలు ఉంటాయని గమనించిన సర్వేయరు విలియం స్మిత్, ఆ జ్ఞానంతోనే 1815లో ఇంగ్లండు, వేల్స్ భూవిజ్ఞాన పటాన్ని అచ్చువేశారు. మీ నోటు పుస్తకంలో అంకెలు వేసిన ఆ వంకర గీతల బొమ్మ కూడా ఆ కోవలోదే.

తర్వాత డంపుల దగ్గరికి వెళ్లండి. పనికిరాదని పారబోసిన రాళ్ల గుట్టలే మనకు అసలు చోటు. మరీ కొత్తవాటి కంటే కొన్నేళ్లు వానకు తడిసినవి మంచివి. రాయి మెత్తబడి, అరిగి, గట్టిగా ఉండే శిలాజం కాస్త పైకి తేలుతుంది. వాన వెలిసిన మర్నాడు దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది కాబట్టి ఇంకా బాగుంటుంది, గోడకు మాత్రం మరింత దూరంగా ఉండండి. డంపు మీద కాలు పెట్టే ముందు రాళ్లు కదులుతున్నాయేమో చూసుకోండి. ఒకరు పైన, ఒకరు కింద ఎప్పుడూ ఉండొద్దు.

పొద్దునా సాయంత్రమూ ఏటవాలు వెలుతురులో గీతల నీడలు పొడుగ్గా పడి రాతి మీది ఆకారాలు పైకి లేస్తాయి. నడినెత్తి ఎండలో అవే రాళ్లు చదునుగా కనిపిస్తాయి. అందుకే మధ్యాహ్నాన్ని రాళ్లు పగలగొట్టడానికి, రాసుకోవడానికి ఉంచుకోవడం నయం.

ఒకచోట కూర్చుని, చాపంత మేర ఎంచుకుని, అందులోని ప్రతి రాయినీ తిప్పి చూడండి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి కన్ను అలవాటు పడుతుంది. ఒకటి దొరికాక అప్పటిదాకా చూసి వదిలేసిన రాళ్లలోనూ కనిపించడం మొదలవుతుంది.

6. కంటికి ఏం పట్టాలి, ఏది మోసం చేస్తుంది

క్రమం కోసం చూడండి. సమాన దూరంలో ఉన్న గీతలు, మెలి తిరిగిన చుట్లు, రెండు సగాలూ ఒకేలా ఉండే ఆకారం. చుట్టూ రాయి ఒక రంగులో ఉండగా మధ్యలో వేరే రంగు, వేరే మెరుపు కనబడినా ఆగండి.

సున్నపురాయిలో గుల్లలు ఎక్కువ. రెండు చిప్పల గుల్ల చేతికి వస్తే అది ఆల్చిప్ప జాతిదా, బ్రాకియోపాడా (చూడటానికి ఆల్చిప్పలా ఉండే వేరే రకం సముద్రజీవి) అన్నది ఇలా తేల్చవచ్చు. ఆల్చిప్ప జాతిలో సాధారణంగా రెండు చిప్పలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉంటాయి, విడిగా ఒక్కో చిప్ప మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. బ్రాకియోపాడ్‌లో దీనికి తలకిందులు. పైచిప్ప, కిందిచిప్ప వేరువేరు పరిమాణాల్లో ఉంటాయి, కానీ ఏ చిప్పనైనా మధ్యగా గీత గీస్తే ఎడమ, కుడి సమానం. భూతద్దం పెట్టి ఇది చూస్తున్నకొద్దీ ఎంత బాగుంటుందో చెప్పలేను. మధ్యలో చిల్లు ఉన్న చిన్న చిన్న బిళ్లలు కనబడితే అవి క్రినాయిడ్ల (కాడ మీద పువ్వులా నిలిచే సముద్రజీవుల) కాడ ముక్కలు. తూటా ఆకారంలో ఉండి, విరిగిన చోట మధ్య నుంచి అంచులకు సన్నటి గీతలు సాగితే అది బెలెమ్నైట్, అంటే స్క్విడ్‌లాంటి పాతకాలపు సముద్రజీవి లోపలి గట్టి భాగం. ట్రైలోబైట్లు పెరిగేటప్పుడు పైపెంకు వదిలేవి, అందుకే నిండు జంతువు కంటే తలభాగాలు, తోకభాగాలు విడివిడిగా ఎక్కువ దొరుకుతాయి. వాటిని పారేయకండి.

మోసపోయే చోట్లూ తెలిసి ఉండాలి. రాతి బీటల్లోకి దిగిన మాంగనీస్ ఆక్సైడ్ నల్లటి ఫెర్న్ కొమ్మల్లా పరుచుకుంటుంది, అది మొక్క కాదు. గుండ్రటి ముద్దలు చాలాసార్లు ఖనిజం గడ్డకట్టినవే తప్ప గుడ్లు కావు. రెండు బండలు ఒరుసుకున్న చోట పడ్డ సమాంతర గీతలు ఆకు ఈనెల్లా ఉంటాయి. ఆకైతే మధ్య ఈనె, దాని నుంచి చీలే పక్క ఈనెలు, ఎక్కడో ఒకచోట అంచు ఉంటాయి. ఇవి లేకపోతే అనుమానించండి.

7. రాయిని ఎలా విప్పాలి

రాయిని చేతిలోకి తీసుకుని ముందు చుట్టూ చూడండి. పక్కభాగంలో సన్నటి గీతలు ఒకే దిక్కుగా సాగుతుంటాయి, అవే పొరలు. రాయి ఆ గీతల వెంట విడిపోవాలి. అడ్డంగా విరిగితే లోపలిది కూడా రెండు ముక్కలవుతుంది. గీతలు కనబడకపోతే కాస్త నీళ్లు చిమ్మండి, తడికి అవి తేటపడతాయి. బంకమట్టి ఎక్కువున్న రాయికి మాత్రం నీళ్లు వద్దు, నానిపోతుంది.

రాయిని పక్క అంచు మీద నిలబెట్టి, కింద ఇసుకో మెత్తటి మట్టో ఉండేలా చూసి, కాళ్ల మధ్య కాకుండా పక్కగా పెట్టుకోండి. వెడల్పు ఉలిని ఒక గీత మీద ఆనించి మెల్లగా ఒక దెబ్బ. ఉలిని అంగుళం జరిపి అంతే బలంతో ఇంకోటి. ఇలా అంచు వెంట ఆ చివరి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రండి. గట్టిగా ఒక్క దెబ్బ వేయాలన్న ఆత్రం ఆపుకోవాలి. రెండు మూడు విడతలయ్యాక దెబ్బ శబ్దం మారుతుంది. మొదట ఖణేల్‌మన్నది కాస్తా బొంగురుగా పలుకుతుంది. పొర లోపల బీట పారిందని అదే గుర్తు. ఇక అక్కడ కొట్టడం ఆపి, సన్న ఉలిని బీటలో దూర్చి కొద్దిగా తిప్పితే రెండు పలకలుగా విడిపోతుంది.

రెండు పలకలూ వెంటనే చూడండి. ఒకదానిలో శిలాజం ఉంటే, రెండోదానిలో దాని ముద్ర ఉంటుంది. రెండూ దాచాలి, ఒకే అంకె వేయాలి. చిన్న వివరం ఏదో ఒకటి ముద్రలోనే మిగిలి ఉంటుంది.

గుండ్రటి గడ్డల్లాంటి రాళ్లలో మధ్యలో శిలాజం ఉండే అవకాశముంది. వాటిని నడుము చుట్టూ తిప్పుతూ చిన్న దెబ్బలు వేస్తే చాలాసార్లు శిలాజం ఉన్న తలం వెంటే విచ్చుకుంటాయి.

శిలాజం కనబడ్డాక చుట్టూ రాయిని పూర్తిగా తొలిచేయాలని చూడకండి. క్వారీలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది. శిలాజం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు రాయి ఉంచి, మిగతా బరువు మాత్రం తగ్గించుకోండి. అసలు శుభ్రం చేసే పని ఇంట్లో, తీరిగ్గా, మంచి వెలుతురులో. ముక్క విరిగితే విరిగిన అంచులను తడమకుండా, అన్ని ముక్కలనూ ఒకే కవర్లో వేయండి.

8. రాసుకోవడం

శిలాజాన్ని కదిలించే ముందే స్కేలు పక్కన పెట్టి ఒక ఫోటో, కాస్త దూరం నుంచి చుట్టుపక్కలు కనబడేలా ఇంకో ఫోటో తీయండి. జీపీఎస్ స్థానం, తేదీ, రాయి రంగు, రేణువు, గోడ బొమ్మలోని ఏ అంకె పొరది అన్నవి రాయండి. డంపులో దొరికితే ‘డంపు’ అనే రాయండి, పొర ఊహిస్తే ఊహ అని స్పష్టంగా పెట్టండి. గోడలో పొరతో పోల్చడానికి రాయి తాజాగా విరిగిన ముఖం చూడాలి, ఎండకు మాసిన పైరంగు తప్పుదారి పట్టిస్తుంది.

అంకెను కవర్ మీద ఒకసారి, లోపల వేసే చీటీ మీద ఒకసారి రాయండి. కవర్ మీది రాత చెరిగినా చీటీ మిగులుతుంది. గుర్తుంటుందిలే అనుకుని వాయిదా వేయకండి. సాయంత్రానికి రాళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి.

9. పెద్దది కనబడితే

ఎముకలు వరసగా కలిసి ఉంటే, పుర్రె కనబడితే, లేదా ఇంతకుముందు ఎవరూ చెప్పని ఆకారం గోడలో ఉంటే, సుత్తి కింద పెట్టేయండి. ఫోటోలు తీసి, స్థానం గుర్తించి, చెదరకుండా మట్టితో కప్పి, యజమానికీ మ్యూజియానికో విశ్వవిద్యాలయానికో చెప్పండి.

ఇంగ్లండులోని చార్న్‌వుడ్ అడవి క్వారీలో 1957లో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడు రాతి మీద ఆకులాంటి ముద్ర చూశాడు. దాన్ని తవ్వలేదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని తండ్రికి చూపించాడు. అది భూవిజ్ఞాని ట్రెవర్ ఫోర్డ్ దాకా వెళ్లింది. ఆయన 1958లో దానికి చార్నియా మేసోని అని పేరు పెట్టారు. సుమారు 56 కోట్ల ఏళ్ల నాటి జీవి అది. అంత పాత రాళ్లలో పెద్ద జీవుల ఆనవాళ్లే ఉండవని అప్పట్లో గట్టిగా నమ్మేవారు. అంతకు ఏడాది ముందే టీనా నెగస్ అనే అమ్మాయి అదే ముద్రను చూసి టీచరుకు చెబితే, ఆ రాళ్లలో శిలాజాలుండవని కొట్టిపారేశారు. మీతో వచ్చిన పిల్లలు ఏదైనా చూపిస్తే వెళ్లి చూడండి.

10. కట్టుకోవడం, ఇంటికొచ్చాక

ముందు టిష్యూ, తర్వాత వార్తాపత్రిక, ఆపై కవర్. బరువైనవి సంచి అడుగున, పలచటి పలకలు డబ్బాలో నిలబెట్టి. తీసుకునేది తక్కువగా తీసుకోండి. ఒకే రకం గుల్లలు పది దొరికితే మంచివి రెండు చాలు, మిగతావి తర్వాత వచ్చేవారికి వదిలేయండి. తవ్విన గుంతలు పూడ్చి, గేటు ఎలా ఉందో అలాగే మూసి రండి.

ఇంట్లో గట్టి సున్నపురాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగవచ్చు. షేల్‌ను కడగకండి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి, ఎండలో పెడితే పొరలు లేచిపోతాయి. అంటుకున్న రాయిని సూదితో, భూతద్దం కింద, శిలాజం నుంచి బయటివైపుకు తోస్తూ తీయాలి. వెనిగర్ జోలికి వెళ్లొద్దు. అది సున్నపురాయితోపాటు గుల్లనూ కరిగిస్తుంది. పెళుసుగా ఉన్నవాటికి అసిటోన్‌లో పలచగా కలిపిన పారలాయిడ్ బీ-72 అనే జిగురు పట్టించవచ్చు. కావాలంటే తర్వాత అసిటోన్‌తోనే తీసేయవచ్చు కాబట్టి మ్యూజియాలూ దాన్నే ఇష్టపడతాయి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి.

బంగారు రంగులో మెరిసే శిలాజాలైతే అవి పైరైట్‌గా మారినవి. తేమ తగిలితే ఆక్సిజన్‌తో కలిసి లోపల్లోపలే ఆమ్లం పుట్టి, తెల్లటి పొడి రాలి, కొన్నేళ్లలో ముక్కలైపోతాయి. వాటిని బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగుతుగా ఉండే డబ్బాలో విడిగా ఉంచండి. పొడి రాలుతున్నది కనబడితే మిగతావాటి నుంచి వెంటనే వేరుచేసి, దాని చీటీని కొత్త కాగితం మీద తిరగరాయండి. ఆ ఆమ్లం ముందుగా తినేసేది చీటీనే.